అందిన తేదీ

మా పత్రిక అట్ట మీద కుడివైపు పైమూల ఎర్ర అక్షరాల్లో ఒక మాట ఉంటుంది: "తొంభై రోజుల్లో నిర్ణయం." ఆ మాట కనపడకుండా పత్రికను బోర్లించి పెడతాను. అట్టను అచ్చుకు పంపేది నేనే కాబట్టి మూడు నెలలకోసారి చూడక తప్పదు.

మాది పరిశోధన పత్రిక. ధాన్యం నిల్వ, గింజలకు పట్టే పురుగు, బూజు, తేమ మా విషయాలు. మామూలు మనుషులు చదవరు. చదివేవాళ్ళలో సగంమంది తమ పేరు ఎక్కడైనా ఉందేమోనని వెనక పేజీల నుంచి మొదలుపెడతారు. ఆఫీసంటే మూడో అంతస్తులో రెండు గదులు. లోపలి గదిలో సంపాదకుడు, బయటి గదిలో నేను. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ. వచ్చిన వ్యాసానికి అంకె వేసి రిజిస్టర్లో ఎక్కిస్తాను. రచయిత పేరు చెరిపేసి, ఆ విషయం తెలిసిన ఇద్దరు పరిశీలకులకు పంపుతాను. వాళ్ళు బాగుందన్నారో లేదన్నారో లోపలికి చెబుతాను. లోపలి నుంచి వచ్చిన నిర్ణయాన్ని ఉత్తరంగా రచయితకు రాస్తాను. పరిశీలకుడెవరో రచయితకు తెలియకూడదు, రచయితెవరో పరిశీలకుడికి తెలియకూడదు. ఇద్దరి పేర్లూ తెలిసేది నాకూ, లోపల కూర్చున్న పెద్దమనిషికీ.

ఆ పెద్దమనిషి వ్యాసాలు చదవడు. కోపం కొద్దీ అంటున్న మాట కాదిది, కళ్ళారా చూసి చెబుతున్నాను. పదకొండు గంటలకు టీ వస్తుంది. వ్యాసాల కట్ట మీదే సాసరు పెట్టుకుంటాడు. బిస్కెట్టు టీలో ముంచి నోట్లో వేసుకుని, ఆ వేలే నాక్కుని, అదే వేలితో పేజీ తిప్పుతాడు. శీర్షిక చూస్తాడు. రచయిత ఏ సంస్థలో పనిచేస్తున్నాడో చూస్తాడు. కాగితాలు చేత్తో ఎత్తి బరువు చూస్తాడు. పేరున్న సంస్థ అయితే "పరిశీలకులకు పంపమ్మా" అంటాడు. ఊరూ పేరూ లేని కాలేజీ అయితే "ఇది మన పరిధిలోకి రాదని రాసెయ్యి" అంటాడు. ఒక మనిషి మూడేళ్ళ కష్టం ఒక బిస్కెట్టు కరిగేలోపు బుట్టదాఖలవుతుంది. "మీ కృషిని అభినందిస్తున్నాం" అని మొదలయ్యే ఉత్తరం నేను కనీసం నాలుగువేల సార్లు రాసి ఉంటాను. అందులో ఒక్కసారి కూడా ఎవరూ ఎవరినీ అభినందించలేదు.

ఇక ఆ తొంభై రోజుల సంగతి. పరిశీలకులు తొంభై రోజుల్లో చూడరు. నాలుగు నెలలకు అడిగితే ఊళ్ళో లేనంటారు, ఆరు నెలలకు అడిగితే అసలు వ్యాసం అందనేలేదంటారు. మరి అట్ట మీది మాట నిలబడేదెలా? దానికి మా సంపాదకుడు ఒక ఉపాయం కనిపెట్టాడు. మార్పులు చేసి పంపమని రచయితను అడిగితే పాత తేదీయే నడుస్తుంది, రోజులు పెరిగిపోతాయి. అందుకని అలా అడగం. "తిరస్కరిస్తున్నాం. అయితే ఫలానా మార్పులు చేసి కొత్త వ్యాసంగా పంపితే సంతోషంగా చూస్తాం" అని రాస్తాం. రచయిత మార్చి పంపుతాడు. అది కొత్త వ్యాసం. కొత్త అంకె, కొత్త తేదీ. రోజుల సగటు కట్టేటప్పుడు అచ్చయిన వ్యాసాలనే లెక్కలోకి తీసుకుంటాం. మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో "అందిన తేదీ" అని పడేది ఆఖరుసారి పంపిన తేదీ. రెండేళ్ళు మా గుమ్మంలో పడిగాపులు పడ్డ వ్యాసం కూడా మొన్ననే వచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ ఉపాయం గురించి ఒకసారి ఇంట్లో నవ్వుతూ చెప్పాను. మా అత్తగారు బఠానీలు ఒలుస్తున్నారు. ఆవిడ పోస్టాఫీసులో ముప్ఫై ఒక్కేళ్ళు కిటికీ వెనక కూర్చున్న మనిషి. రోజూ పొద్దున్నే ముద్రలో తేదీ మార్చి, పాత కాగితం మీద ఒకసారి కొట్టి చూసి, పై ఆఫీసరు సంతకం అయ్యాకే మొదటి ఉత్తరం ముట్టుకునేవారట.

"అయితే మీరు ముద్రలు మారుస్తారన్నమాట" అన్నారు.

"మేం మార్చం అత్తయ్యా. వాళ్ళే మళ్ళీ పంపుతారు."

"ఎందుకు పంపుతారు?"

"మేం పంపమంటాం కాబట్టి."

"మా దగ్గర అలా చేస్తే ఉద్యోగం ఊడేది."

"అక్కడ ఉత్తరాలు అత్తయ్యా. ఇక్కడ చదువులు."

"చదువుకున్నోళ్ళకి తేదీలు అక్కర్లేదా?" అని ఒక బఠానీ నోట్లో వేసుకున్నారు. నేను నవ్వేసి లేచిపోయాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే రోత పుడుతుంది.

మూడేళ్ళు కావస్తోంది. ఒక మార్చి నెల నాలుగో తేదీన ఒక వ్యాసం వచ్చింది. అంకె రెండువందల పన్నెండు. రాసింది ఒక చిన్న పరిశోధన కేంద్రంలో కొత్తగా చేరిన అమ్మాయి. వ్యాసంతో పాటు చిన్న కాగితం పొట్లంలో గింజలు కూడా పంపింది, చూసుకోండి అని. అలాంటి పిచ్చిపని ఇరవై రెండేళ్ళలో ఎవరూ చెయ్యలేదు. అందుకని ఆమెకు గింజలమ్మాయి అని పేరు పెట్టుకున్నాను. గింజను యంత్రంలో మరీ త్వరగా ఆరబెడితే పైపొట్టులో వెంట్రుకవాసి చీలికలు పడతాయని, గోదాముల్లో బూజు ఆ చీలికల్లోంచే లోపలికి దిగుతుందని ఆమె వాదన. నాలుగేళ్ళు గోదాముల వెంట తిరిగి తేల్చింది. ఆ గింజల్ని భూతద్దం కింద పెట్టి చూశాను. చీలికలు నాకే కనిపించాయి.

లోపల బరువు చూసే కార్యక్రమం ఎలాగో గట్టెక్కింది. ఇద్దరు పరిశీలకులకు పంపాను. మొదటాయన పన్నెండు రోజుల్లో "చక్కటి పని, వెంటనే వెయ్యండి" అని ఐదు లైన్లు రాశాడు. రెండో ప్రతి, ఏడు వ్యాసాలాయన అని నేను పిలుచుకునే మనిషికి వెళ్ళింది. ఆయన అసలు పేరు చెప్పకూడదన్నది పత్రిక నియమం, చెబితే నోరు కడుక్కోవాలన్నది నా సొంత నియమం. ఈ బూజు సంగతి క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు ముగ్గురో నలుగురో ఉంటారు, అందులో ఈయన పెద్ద తలకాయ. ఏ వ్యాసం పంపినా "ఈ కింది ఏడు ముఖ్యమైన వ్యాసాలను ప్రస్తావించకపోవడం విచారకరం" అని రాస్తాడు. ఆ ఏడూ ఆయనవే. ఇంకో అలవాటు కూడా ఉంది. అదే వ్యాసం రెండోసారి ఆయన చేతికి వెళ్ళిందంటే నివేదిక "నేను ముందే చెప్పినట్టు" అని మొదలవుతుంది. ఎవరు ఏం కనిపెట్టినా ఈయన ముందే చెప్పి ఉండాలి, లేకపోతే నిద్రపట్టదు.

ఐదు నెలలు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఆగస్టులో నివేదిక పంపాడు. ఇంకో రెండు రకాల గింజల మీద మళ్ళీ చెయ్యాలి, శీర్షిక మార్చాలి, మూడో పట్టికలో లోపం ఉంది, ఏడు వ్యాసాలు ప్రస్తావించాలి. మా సంపాదకుడు ఎప్పటిలాగే తిరస్కరించి, కొత్తగా పంపమన్నాడు. ఉత్తరం నేనే రాశాను, మీ కృషిని అభినందిస్తున్నాం అని. ఆ అమ్మాయి పాపం అన్నీ చేసి, శీర్షిక మార్చి, డిసెంబరులో పంపింది. కొత్త అంకె, కొత్త తేదీ. మళ్ళీ ఆయన దగ్గరికే వెళ్ళింది. మళ్ళీ నాలుగు నెలలు. ఈసారి వానాకాలంలో కూడా చేసి చూపాలన్నాడు. మళ్ళీ తిరస్కరించాం, మళ్ళీ కొత్తగా పంపమన్నాం.

సెప్టెంబరులో వేరే పత్రిక ఒకటి మా ఆఫీసుకు వచ్చింది. తిరగేస్తుంటే ఒకచోట చెయ్యి ఆగిపోయింది. గింజ వేరు గానీ అవే చీలికలు, అదే పద్ధతి, అదే బూజు. రాసింది ఏడు వ్యాసాలాయన శిష్యుడు. అడుగున గురువుగారికి కృతజ్ఞతలు. అందిన తేదీ, జూన్ రెండు. ఒళ్ళు మండిపోయి లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"సార్, ఇది ఆ అమ్మాయి వ్యాసంలాగే ఉంది."

"ఒకే ఆలోచన ఇద్దరికి రావచ్చమ్మా. సైన్సులో మామూలే" అన్నాడు ఆయన, తెరవకుండానే. దాని మీద సాసరు పెట్టాడు.

నేను సాసరు వైపు చూసి బయటికి వచ్చేశాను. అప్పుడు నోరు విప్పి ఉండాల్సింది.

గింజలమ్మాయి వానాకాలం పని కూడా ముగించి అక్టోబరు తొమ్మిదిన మూడోసారి పంపింది. ఏడు వ్యాసాలాయన ఈసారి ఇరవై రోజుల్లో సరేనన్నాడు. శిష్యుడిది అచ్చయిపోయింది, ఇక అడ్డం పడి లాభం లేదు. కాకపోతే ఈసారి ప్రస్తావించమన్నవి ఏడు కాదు, ఎనిమిది. ఎనిమిదోది ఆ శిష్యుడి వ్యాసం. ఆ అమ్మాయి మారుమాట్లాడకుండా పెట్టింది. అలా పంతొమ్మిది నెలల వ్యాసం ఇరవై ఒక్క రోజుల్లో నిర్ణయమైనట్టు అచ్చయింది. ఆరోజు మా సంపాదకుడు నాక్కూడా ఒక బిస్కెట్టు ఇచ్చాడు. కాగితంలో చుట్టి బుట్టలో పడేశాను.

మూడు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఒకమ్మాయి మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. మెడలో తాడుకు చిన్న భూతద్దం. పొట్టు దులిపి దులిపి వేళ్ళ చివరలు పగిలి ఉన్నాయి. చెప్పకుండానే పోల్చుకున్నాను.

"ఉత్తరాల కింద సంతకం మీదే కదా మేడమ్?"

"నాదే."

"మీరు చాలా మర్యాదగా రాస్తారండి. తిరస్కరించినప్పుడు కూడా మీ కృషిని అభినందిస్తున్నాం అని రాశారు. మొదటిసారి అది చదివే మళ్ళీ పంపే ధైర్యం వచ్చింది."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కూర్చోమన్నాను. ఫైల్లోంచి కాగితాలు తీసి వరసగా పరిచింది.

"నేను కాపీ కొట్టానని మా ఆఫీసుకు ఎవరో పేరు లేకుండా రాశారండి. వాళ్ళది జూన్ రెండు, నాది అక్టోబరు తొమ్మిది. పైగా వాళ్ళ వ్యాసం పేరు నా వ్యాసంలోనే ఉంది. చూడకుండానే ఎలా పెట్టావు అంటున్నారు."

"అది పరిశీలకుడు పెట్టమన్నాడు కదమ్మా."

"చెప్పానండి. ఆ నివేదిక కూడా చూపించాను. అయితే చూసే రాశావన్నమాట అన్నారు."

మొదటి వ్యాసం అందిందని మార్చిలో నేను పంపిన ఉత్తరం కూడా ఆమె దగ్గరుంది. అదీ చూపించిందట. అంకె వేరు, శీర్షిక వేరు, పైగా అది తిరస్కరించిన వ్యాసం కదా అన్నారట వాళ్ళ ఆఫీసు వేసిన విచారణ సంఘంవాళ్ళు. ఇంట్లో ఉన్న ప్రతి చూపిస్తే, అది ఎవరైనా పాత తేదీ వేసి తయారు చేసుకోవచ్చన్నారట.

"మీ దగ్గర మూడు ప్రతులూ ఉంటాయి కదండీ. మూడూ ఒకే వ్యాసం, మొదటిది ఫలానా రోజు అందింది అని ఒక్క ముక్క రాసిస్తే చాలు. ఈ నెలాఖరుకి నా ఉద్యోగం ఖాయం కావాలి. కాకపోతే తీసేస్తారు." మెడలోని భూతద్దాన్ని పట్టుకుంది. "ఉద్యోగం సంగతి అలా ఉంచండి. మొన్న మా అమ్మ అడిగింది, నిజంగా నువ్వే చేశావా తల్లీ అని. నాలుగేళ్ళు నా బట్టలకి అంటిన పొట్టు దులిపింది ఆవిడే."

నేను లోపలికి వెళ్ళాను. సంపాదకుడు విని, కుర్చీలో వెనక్కి వాలాడు.

"అలా రాస్తే ఏమవుతుందో తెలుసా? పంతొమ్మిది నెలలు పట్టిందని మనమే ఒప్పుకున్నట్టు. అట్ట మీద ఏం వేస్తాం? ఈమెకి రాసిస్తే రేపు వందమంది వస్తారు."

"వందమందికీ మనం అదే చేశాం కద సార్."

"రూలు ప్రకారం చేశాం. రికార్డులో ఏముందో అదే రాసివ్వు. అక్టోబరు తొమ్మిది. అబద్ధం రాయమనట్లేదుగా."

"ఒకసారి ఆ అమ్మాయితో మాట్లాడండి సార్."

"మీటింగులో ఉన్నానని చెప్పు."

గదిలో ఆయన తప్ప ఎవరూ లేరు. బయటికి వచ్చి, సార్ మీటింగులో ఉన్నారమ్మా అన్నాను. లోపలి నుంచి టీ కప్పులో చెంచా తిప్పుతున్న చప్పుడు మా ఇద్దరికీ వినపడింది. ఆమె ఆ చప్పుడు అయిపోయేదాకా కూర్చుని, కాగితాలు సర్దుకుని, నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్ళి అత్తగారికి అంతా చెప్పాను. ఈసారి నవ్వలేదు.

"ఒకసారి ఒకాయన దరఖాస్తు ఆఖరి రోజున నా కిటికీలో ఇచ్చాడు" అన్నారు ఆవిడ. "దాని మీద మర్నాటి ముద్ర పడింది. పొరపాటు నాదే. నేనే ఆ ఆఫీసుకి నడిచి వెళ్ళి చెప్పొచ్చాను."

"ఏమన్నారు?"

"మా వాళ్ళు నా జీతం పెంపు ఏడాది ఆపారు."

"ఆయనకి ఉద్యోగం వచ్చిందా?"

"నాకేం తెలుసు? ఆయన ఉద్యోగం కోసం వెళ్ళలేదమ్మా. ముద్ర నాదని వెళ్ళాను."

మర్నాడు ఉత్తరం టైపు చేశాను. ఒకే పేజీ. మూడు అంకెలు, మూడు శీర్షికలు, మూడు తేదీలు రాసి, మూడూ ఒకే వ్యాసమని, మొదటిది మార్చి నాలుగున అందిందని రాశాను. దాన్ని సంతకాల ఫైల్లో నలభై ఉత్తరాల మధ్య దూర్చాను. రచయితలకు వెళ్ళేవాటి కింద నా సంతకం చాలు, సంస్థలకు వెళ్ళేవాటి మీద ఆయనది పడాలి. ఆ సంతకాలు కూడా ఆయన చదవకుండానే పెడతాడు. కప్పు దించకుండా, ఎడమ చేత్తో కాగితాలు తోసుకుంటూ, కుడి చేత్తో గీకేస్తాడు. ఇది కూడా గీకేసేవాడే.

ఫైలు పట్టుకుని తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాను. చదవకుండా తేల్చేస్తాడనే కదా ఇన్నేళ్ళుగా ఈ మనిషిని అసహ్యించుకుంటున్నది. ఆ అలవాటునే నేనూ వాడుకుంటే ఇద్దరం ఒకే కప్పులో టీ తాగినట్టు. ఉత్తరం బయటికి తీసి, విడిగా ఆయన ముందు పెట్టాను.

"సార్, ఇది చదివి సంతకం పెట్టండి."

"సంగతేంటో చెప్పమ్మా."

"చదవండి సార్. ఒక్క పేజీయే."

ఏ కళనున్నాడో, కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. పెదవులు కదిలిస్తూ, లైను కింద వేలు పెట్టి చదువుతాడని ఆరోజే తెలిసింది. ఇరవై రెండేళ్ళలో ఆయన ఒక కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవడం నేను చూసింది అదొక్కసారే.

"ఇది పోవడానికి వీల్లేదు" అన్నాడు.

"అయితే నా సంతకంతో పోతుంది సార్. తేదీలు మార్చింది నా చెయ్యే కదా."

"రహస్యం బయటపెట్టినట్టవుతుంది."

"పరిశీలకుడి పేరు ఎక్కడా రాయలేదు. నా పేరే రాశాను."

"నీ ఉద్యోగం సంగతి కూడా..." అని మొదలుపెట్టి నీళ్ళు నమిలాడు. నేను లేకపోతే ఏ వ్యాసం ఏ బీరువాలో ఉందో ఆయనకు తెలియదు, ఆ సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఆ సాయంత్రమే ఉత్తరాన్ని, మూడు ప్రతులను, రిజిస్టర్లో మార్చి నాలుగో తేదీ పేజీ నకలును విచారణ సంఘానికి పంపాను.

ఒక గుమాస్తా మాట మీద తీర్పు ఎలా చెబుతామని వాళ్ళకు సందేహం వచ్చింది. చదువుకున్నవాళ్ళకు సందేహం వస్తే ఏం చేస్తారో తెలిసిందే. బయటి నిపుణుడికి పంపారు. ఈ బూజు సంగతి క్షుణ్ణంగా తెలిసిన ముగ్గురు నలుగురిలోంచి వాళ్ళు ఎవర్ని ఎంచుకున్నారో గింజలమ్మాయి ఫోనులో చెప్పింది. అది ఏడు వ్యాసాలాయన పేరే.

"చాలా పెద్దాయనట కదండీ. న్యాయంగా చూస్తారంటున్నారు" అంది.

ఆయనే నీ రెండో పరిశీలకుడని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. రహస్యమని సంతకం పెట్టి ఉన్నాను. ఇలాంటి కుళ్ళును కాపాడటానికా ఆ సంతకం అని పళ్ళు నూరుకుంటూ, "చూద్దామమ్మా" అని మాత్రం అన్నాను. ఆ పది రోజులు నాకు అన్నం సయించలేదు. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులుందనగా మళ్ళీ ఫోను వచ్చింది.

"నివేదిక చదువుతాను వినండి" అంది. "నేను ముందే చెప్పినట్టు, ఈ వ్యాసం మొదటి రూపంలో ఉన్నప్పుడే మూడో పట్టికలోని లోపాన్ని ఎత్తిచూపాను. రచయిత్రి ఇప్పటికీ..."

"ఆగు. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివింది. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. మహానుభావుడు పప్పులో కాలేశాడు. కొత్తగా చూస్తున్నట్టు నటించాల్సినచోట కూడా, ముందే చెప్పానని చెప్పకుండా ఉండలేకపోయాడు. ఆమెను దోషిగా తేల్చడానికి రెండు పేజీలు రాసి, మొదటి వాక్యంలోనే తన మెడకు తాడు వేసుకున్నాడు.

విచారణ సంఘంలో ఇద్దరు ప్రొఫెసర్లకు ఆ వాక్యం కంటికి ఆనలేదట. మూడో మనిషి లైబ్రేరియన్. "మనం పంపకముందే మొదటి రూపాన్ని ఈయన ఎప్పుడు, ఎక్కడ చూశారు?" అని ఆవిడ అడిగిందట. ఆ ప్రశ్న ఆయనకు పంపితే, ఆరోగ్యం బాగాలేదని నిపుణుడి బాధ్యత నుంచి చల్లగా జారుకున్నాడు. గింజలమ్మాయి ఉద్యోగం ఖాయమైంది. సంఘం తీర్పు ఒక్క లైను: "ఆరోపణ రుజువు కాలేదు." ఆ పని ముందు చేసింది ఆమేనని రాయడానికి వాళ్ళకు చేతులు రాలేదు. శిష్యుడి వ్యాసం అక్కడే ఉంది, గురువు కుర్చీ అక్కడే ఉంది. మా పత్రికలో చివరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక సవరణ వేశాం, మొదట అందిన తేదీ మార్చి నాలుగు అని. లైబ్రేరియన్ మాకు కూడా రాస్తుందేమోనన్న భయంతో సంపాదకుడు ఒప్పుకున్నాడు. మా అత్తగారు కళ్ళజోడు మీద భూతద్దం కూడా పెట్టుకుని అది చదివారు.

"ఇంత చిన్నగానా?" అని మూతి ముడిచారు.

ఇంతటితో అయిపోయి ఉంటే ఈ కథ చెప్పేదాన్ని కాదు.

మొన్న జులైలో ఆ శిష్యుడి కొత్త వ్యాసం మాకే వచ్చింది. సిగ్గులేనితనానికి కూడా ఒక హద్దుండాలి. పరిశీలకుల పేర్లు రాసేటప్పుడు నాకు కసి పుట్టింది. పట్టికలో గింజలమ్మాయి పేరు రాశాను. సంపాదకుడు ఆ పేరు చూసి తల ఊపాడు. ఆ అమ్మాయెవరో ఆయనకు గుర్తే లేదు. వ్యాసంలో రచయిత పేరు చెరిపేశాను గానీ, మొదటి పేజీలోనే ఆ ఏడు ప్రస్తావనలూ వరసగా ఉన్నాయి. ఎవరి కొట్టులోంచి వచ్చిన సరుకో ఆమెకు తెలియకుండా ఉండదు. చీల్చి చెండాడుతుందని, ఆర్నెల్లు కింద పెట్టుకుని కూర్చుంటుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే, అలా చెయ్యాలని కోరుకున్నాను.

పదకొండో రోజున నివేదిక వచ్చింది. నాలుగు పేజీలు. ప్రతి పట్టికా తను మళ్ళీ కట్టి చూసింది. ఒకచోట తేమ శాతం లెక్క తప్పితే, ఎలా దిద్దుకోవాలో వివరంగా రాసింది. తన వ్యాసం ప్రస్తావించమని ఎక్కడా అడగలేదు. చివర "ఇది నిజమైన పని. అచ్చు వెయ్యండి" అని ఉంది. ఆ నాలుగు పేజీలూ రెండుసార్లు చదివి, నా కసిని తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాను. ఇన్నేళ్ళుగా లోపలి గదిని చూసి ముక్కు మూసుకుంటున్నాను, ఆ కంపు నా బట్టలకూ పట్టిందని ఆరోజే తెలిసింది.

నివేదిక లోపలికి తీసుకెళ్ళాను. పదకొండు గంటలయింది. సంపాదకుడు బిస్కెట్టు ముంచి, నోట్లో వేసుకుని, వేలు నాక్కుని, నాలుగో పేజీ తిప్పి ఆఖరి లైను చూశాడు. తర్వాత పైన తేదీ చూశాడు. ముఖం వెలిగిపోయింది.

"పదకొండు రోజులా? ఎవరమ్మా ఈ అమ్మాయి, బంగారంలా ఉంది. ఇకమీద అన్నీ ఈమెకే పంపు. మన సగటు ఎక్కడికో పోతుంది."

నివేదికను పక్కన పెట్టి దాని మీద సాసరు పెట్టాడు. తెల్ల కాగితం మీద టీ మరక గుండ్రంగా ఊరుతోంది.

"ఛీ" అన్నాను.

ఇరవై రెండేళ్ళుగా లోపల లోపలే అనుకున్న మాట, ఆ గదిలో మొదటిసారి పైకి వచ్చింది. ఆయన ఉలిక్కిపడి నా వైపు చూశాడు. తర్వాత బిస్కెట్ల డబ్బా వైపు చూశాడు. మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"మెత్తబడిపోయాయా?" అన్నాడు.